పిలిస్తే పలకని పిల్ల

కోరుట్ల,
9 జూన్ 2024

రేణుకక్కకు,

నీ తమ్ముడు వీరేందర్ దండం పెట్టి రాస్తున్నాను. కవర్ మీద నా దస్తూరి చూసి ఎవరి పెండ్లి పత్రికో అనుకుని ఉంటావు. నవ్వకు, ఉత్తరమే. నీకు ఫోన్ చేస్తే మీ బట్టలు నేసే సాంచాల చప్పుడు తప్ప నీ గొంతు వినబడదు. బావ ఎత్తితే "ఆఁ? ఎవరూ?" అని రెండుసార్లు అరిచి పెట్టేస్తాడు. పైగా నేను చెప్పాలనుకున్నది ఫోన్ గురించే. దాన్ని తిట్టడానికి మళ్లీ దాన్నే పట్టుకోవడం నాకు నచ్చలేదు.

సంగతి ప్రవళికది. నా బిడ్డ నా చేతిలోంచి జారిపోతున్నదక్కా. కరోనా ఏడు బళ్లు మూసినప్పుడు అది ఆరో తరగతి. పాఠాల కోసమని నేనే పెద్ద తెర ఉన్న ఫోన్ కొనిచ్చాను. దాంట్లో విని, చూసి, క్లాసులో అందరికంటే ముందు నిలిచింది. నేనే నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాను. ఇప్పుడు ఆ తెరలోంచి తల ఎత్తదు. పిలిస్తే పలకదు. మూడుసార్లు పిలిచి, నాలుగోసారి దగ్గరికి పోయి భుజం పట్టి ఊపాలి. అప్పుడు ఉలిక్కిపడి నా మొహం వంక అదేపనిగా చూస్తుంది. ఏమన్నా అంటే పాఠాలే చూస్తున్నానంటుంది. పాఠాలైతే కింద సినిమాకు వేసినట్టు అక్షరాలెందుకు? ఒకటే పాఠం పదిసార్లెందుకు? నాకు చెవుల్లో పూలు పెట్టాలని చూస్తుంది.

ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు చెవినొప్పి అన్నది. రోజంతా ఆ ఇయర్‌ఫోన్ వైర్లు చెవుల్లో దోపుకుంటే నొప్పి రాక ఏమొస్తుంది? కత్తెరతో కోసి పారేశాను. వాళ్లమ్మ భాగ్య వెచ్చటి నూనె పోసింది, తగ్గింది.

మా బడిలో తల్లిదండ్రుల మీటింగ్ అంటే మాట్లాడేది నేనే. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఇంటిల్లిపాదీ ఫోన్లను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేయాలని చెప్పాను. ముప్పై ఇండ్లలో వేస్తున్నారు. పిల్లలు నన్ను చాటుగా డబ్బా సారు అంటారట, అననీ. ముప్పై ఇండ్ల పిల్లలను దారికి తెచ్చి, నా ఇంట్లో ఒక్క పిల్లను తేలేకపోతే నేనేం సారును?

ఈ ఏడు దానికి పదో తరగతి. నీ దగ్గర ఉండి చదువుతుంది. మీ ఇంట్లో బటన్ల ఫోన్ తప్ప ఇంకోటి లేదు, అదే నాకు కావాలి. మనమూ ఉత్తరాలే రాసుకుందాం, పిల్లకు ఒకటి చెప్పి పెద్దలం ఇంకోటి చేయొద్దు. అక్కా, ఎట్లన్నా చేసి నా బిడ్డను నాకు మళ్లీ అప్పజెప్పు.

నీ తమ్ముడు,
వీరేందర్


సిరిసిల్ల,
27 జూన్ 2024

తమ్మీ,

నీ ఉత్తరం అందింది. పోస్టు మొగిలయ్య నా చేతిల పెట్టి "కోర్టు నోటీసు గాదు గద వదినా" అన్నడు. నీ పుస్తకాల తెలుగు చదివేసరికి నా పొయ్యి మీద పాలు పొంగినయి.

పిల్ల మంచిగ చేరింది. బడిల వేసినం, ఇంటికి నడిచి పోయే దూరమే. నువ్వు రాసిందొకటి, నేను చూసేదొకటి తమ్మీ. మూతి ముడుచుకుంట వస్తదనుకున్న. వచ్చిన రెండోనాడే ఇంట్లనే ఉన్న మా సాంచాల కార్ఖానలకు వచ్చి నిలవడ్డది. పిలిస్తే పలుకదని రాస్తివి. మా ఇంట్ల ఎవ్వలు ఎవ్వల్ని పిలువరు గద! నాలుగు సాంచాలు ఒక్కసారే ఆడుతుంటే పిలిస్తే ఎవ్వలికి వినవడతది? ఎదురుంగ పోయి నిలవడి, పెదవులు ఆడిచ్చి, చెయ్యి తిప్పి చెప్పుకుంటం. నేను కొత్తగ ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆ విద్య పట్టువడేసరికి ఏడాది అయింది. మీ బావ చాయ అడుగుతుండో తిడుతుండో తెలువక ఒకనాడు ఏడ్చిన గూడ.

నీ బిడ్డకు నాలుగు రోజులల్ల వచ్చింది. నాలుగంటే నాలుగే. కార్ఖాన ఆ మూలకున్న లీలవ్వ పెదవి కదిపితే ఈ మూలకున్న ఇది నవ్వుతది. ముప్పై ఏండ్ల సంది సాంచాలు నడిపే మీ బావ గూడ "గిదేం పిల్లనే, మనకంటె ఎక్కువైంది" అంటుండు. దాని చుట్టూత ఎప్పటికి ఇద్దరు ముగ్గురు ఆడోళ్లు ఉంటరు. గంత నవ్వు మీ ఇంట్ల ఎన్నడు నవ్వలే అది.

ఒక్క ముచ్చట నిన్ను అడుగుమన్నది. దినానికి ఒక్క గంట ఫోన్ ఇస్తవా, అక్షరాలచ్చే పాఠాలు చూసుకుంటదట. నిన్ను అడగాలంటే భయమట. ఒక్క గంటకేమైతది, పంపరాదు?

మరదలికి చెప్పు, మామిడికాయ తొక్కు అందింది. ఉప్పు ఎక్కువైంది.

అక్క,
రేణుక


కోరుట్ల,
14 జులై 2024

అక్కా,

నీ ఉత్తరం భాగ్యకు రెండుసార్లు చదివి వినిపించాను. తొక్కు దగ్గర తప్ప మిగతా అంతా సంతోషించింది.

చూశావా, నేను చెప్పింది నిజమైంది. ఫోన్ పక్కకు పోగానే పిల్ల మనుషుల్లో పడ్డది. నవ్వుతున్నది, నలుగురితో కలుస్తున్నది. నిన్న మీటింగులో పేరు చెప్పకుండా ఈ సంగతే చెప్పాను. నాకు తెలిసిన ఒక అమ్మాయి నెల రోజుల్లో మామూలు మనిషైందని. తల్లులు చప్పట్లు కొట్టారు. ఒకామె కండ్లు తుడుచుకున్నది. నేను మంచినీళ్లు తాగి మళ్లీ మాట్లాడాను.

ఒక్క గంట మాట ఎత్తకు. కల్లు మానినవాడు కూడా ఒక్క సీసానే అంటాడు. ఆ ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశాను, పరీక్షలయ్యేదాకా తీసేది లేదు. మన కాలంలో సారు చెప్పింది విని, పుస్తకం చదివి పాసు కాలేదా? చెవులున్నాయి కదా, క్లాసులో వినమను.

దానికి నా మీద కోపం పోయిందా? నన్ను అడుగుతుందా? ఇది మాత్రం మరిచిపోకుండా రాయి.

వీరేందర్


సిరిసిల్ల,
25 ఆగస్టు 2024

తమ్మీ,

ఆలస్యమైందని తిట్టకు. మీ బావకు జ్వరమచ్చి లేసిండు. ఆయన సాంచాలు గూడ నేనే చూసుకున్న.

నిన్ను అడుగుతది. ఎందుకు అడుగది? అన్నం కాడ కూసుంటే "బాపు గీ యాళ్లకు బడి నుంచి వస్తడు" అంటది. కోపం లేదు దానికి, భయమే.

చదువు ముచ్చటే నాకు జర పరేషానుగున్నది. బడికి పోయి సారును కలిసిన. మంచి సారే. "ముందు బల్ల మీదనే కూసుంటదమ్మా, నా మొఖమే చూస్తది, ఒక్కసారి పక్కకు చూడది. కాని అడిగేదొకటి, చెప్పేదొకటి" అన్నడు. వాళ్ల బళ్లె గోడకు పెద్ద తెర పెట్టిండ్రు, బొమ్మలన్నీ అండ్లనే చూపిస్తరు. ఏమే, గంత మంచి తెర ఉంటే నీకేమచ్చిందే అని అడిగిన. "సారు తెర దిక్కు తిరిగి చెప్తడు అత్తమ్మా. మా దిక్కు తిరిగి చెప్తే మంచిగ సమజైతది" అన్నది. గదేం ముచ్చటో నాకు అర్థం కాలే. నువ్వు సారువు గద, నీకైతే తెలుస్తది.

సాయంత్రం ఆ పిల్ల నోటు, ఈ పిల్ల నోటు తెచ్చుకుని రాసుకుంటది. చేతులు నొస్తే కార్ఖానలకు వచ్చి నాలుగు నూలు కండెలు చుట్టి, ముచ్చట పెట్టి పోతది. నా మాట విని ఆ ఫోన్ పంపు. నా కండ్ల ముందట కూసోవెట్టి గంట చూపిస్త. గంట కాంగనే గుంజుకుంట. నా మీద గూడ నమ్మకం లేదా?

అక్క


కోరుట్ల,
20 అక్టోబర్ 2024

అక్కా,

పరీక్షల మార్కులు బడి నుంచి నేనే తెప్పించుకున్నాను. గణితంలో ఎనభైకి ఇరవై తొమ్మిది. సైన్సులో ముప్పై మూడు. తొమ్మిదో తరగతి దాకా డెబ్బై తగ్గని పిల్ల ఇది.

దసరాకు ఇంటికి రానన్నది. బతుకమ్మ నీ దగ్గరే ఆడుకుంటానన్నదట. భాగ్య రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. సెప్టెంబర్‌లో నేను వచ్చిననాడు కూడా చూశాను. పుస్తకం పట్టుకోవలసిన వేళకు కార్ఖానలో కండెలు చుడుతూ నిలబడి ఉన్నది. ఎవరితోనో నవ్వుతున్నది. నన్ను చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది. నేను అంత కాని మనిషినయ్యానా దానికి?

నిన్ను నమ్మి పంపాను. నీ ఇంట్లో చేతికిందకు ఒక మనిషి కావాలంటే ముందే చెప్పవలసింది. కండెలు చుట్టించుకోవడానికి నా బిడ్డను పంపలేదు. రాయొద్దనుకున్నాను కానీ రాయకుండా ఉండలేకపోయాను.

వీరేందర్


సిరిసిల్ల,
28 అక్టోబర్ 2024

వీరేందర్,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపియ్యలే. సగం మింగి, మంచిగున్నరట అని చెప్పిన.

నీ బిడ్డతోని పని చేయించుకునే కరువు ఈ ఇంటికి ఇంక రాలే. అది కార్ఖానలకు వచ్చేది కండెల కోసం గాదు, మనుషుల కోసం. నీ ఇంట్ల దాంతోని మాట్లాడినోడు ఎవడు? తిట్టుడు మాట్లాడుడు గాదు. దసరాకు పోవే, మీ అమ్మ ఎదురు చూస్తది అని నేను మొత్తుకున్న. "అక్కడ నేను మళ్ల గట్లనే అయిత అత్తమ్మా" అని ఏడ్చింది. గట్లనే అంటే ఎట్లనో నేను అడుగలే.

రెండుసార్లు ఒక్క గంట అడిగిన. రెండుసార్లు నువ్వు పంపలే. ఇప్పుడు మార్కులు నా నెత్తిన వేస్తున్నవు. వచ్చి పిల్లను తీస్కపో. నీ డబ్బాల పెట్టి మూత వెయ్యి.

రేణుక


సిరిసిల్ల,
17 నవంబర్ 2024

తమ్మీ,

ఈ కాయితం మీ బావ ఎల్లేశం చేతికే ఇచ్చి బస్సెక్కిస్తున్న. ఫోన్‌ల చెప్తే నడుమల అడ్డం మాట్లాడుతవు. మన కొట్లాట పక్కకు పెట్టు. కూసోని, ఆఖరుదాక చదువు.

బుధవారం పొద్దుగాల మా వాడ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మూడు రోజులు ఒక్క సాంచ నడువలే. ముప్పై ఏండ్లల్ల మా ఇంట్ల గంత నిమ్మళం ఎన్నడు లేదు. గిన్నె కడిగితే గూడ వాడంత వినవడతది. ఆ పొద్దు ప్రవళిక అరుగు మీద కూసోని జడ అల్లుకుంటుంది. మొఖం రోడ్డు దిక్కున్నది. నేను వెనుక నుంచి "చాయ తాగుదువు రావే" అన్న. పలుకలే. మళ్ల పిలిచిన. పలుకలే. నువ్వు రాసింది యాదికచ్చి నాకు గూడ కోపమచ్చింది. వాడు చెప్పింది నిజమే, గీ పిల్లకు పొగరు అనుకున్న. మూడోసారి గట్టిగ పిలిస్తే పక్కింటామె "ఏందక్కా" అని వాళ్ల ఇంట్ల నుంచి పలికింది.

చేతిల ఏమున్నదని చూసిన తమ్మీ. పుస్తకం లేదు, ఫోన్ లేదు. దువ్వెన ఒక్కటే ఉన్నది.

నా చేతిలున్న ఇత్తడి చెంబు బండ మీద పడేసిన. కావాలనే పడేసిన. వాకిట్ల కోళ్లు లేసి ఉరికినయి. నీ బిడ్డ జడ అల్లుకుంటనే ఉన్నది.

ముందటికి పోయి నిలవడ్డ. నన్ను చూసి నవ్వి "ఏడుస్తున్నవేంది అత్తమ్మా" అన్నది. నేను గొంతు తియ్యలే. కార్ఖానల మాట్లాడినట్టు ఉత్త పెదవులతోనే అడిగిన, నీకు వినవడుతలేదా అని. వెంటనే సమజైంది దానికి. తల దించుకున్నది.

"ఎడమది ఎనిమిదిల పోయింది. కుడిది జర జర వినవడతది. ఇప్పుడు అది గూడ తగ్గింది."

"మీ బాపుకు చెప్పకపోయినవా?"

"చెప్పిన. రెండుసార్లు చెప్పిన. ఫోన్ పక్కకు పెట్టు, అన్నీ మంచిగ వినవడతయి అన్నడు. మూడోసారి చెప్పలే."

"మరి నాకెందుకు చెప్పలేదే? నేనేం పాపం చేసిన?"

"ఇక్కడ ఎవ్వలికి వినవడది గద అత్తమ్మా. ఇక్కడ నేను అందరి లెక్కనే."

తమ్మీ, ఆ అక్షరాలు ఎందుకని అడిగితివి గద. బళ్లె సారు చెప్పేది దానికి సగమే అందుతది. ఇంటికచ్చి అదే పాఠం ఫోన్‌ల పెట్టుకుని, కింద వచ్చే అక్షరాలు చదువుకుంట సమజు చేసుకునేదట. ఒక్కసారికి అందకుంటే పదిసార్లు. దానికి చదువు చెప్పిన సారు ఆ ఫోనే. మనం దాన్ని బీరువాల పెట్టి తాళం వేసినం.

నిన్ను తిట్టాలని రాస్తలేను. నాలుగు రోజులల్ల పెదవులు చదువుడు వచ్చిందని నేను గూడ మురిసిన. ముందే వచ్చిన పిల్లకే నాలుగు రోజులల్ల వస్తదని నాకు తోచలే. ముప్పై ఏండ్ల సంది సాంచాల కాడున్న నాకు గూడ తోచలే అని తలుసుకుంటే సిగ్గయితుంది.

రేపే రా. కోపంగ రాకు. నీ మొఖం చూసే అది సగం ముచ్చట చదువుకుంటది.

అక్క


కోరుట్ల,
1 డిసెంబర్ 2024

అక్కా,

ఆనాడు నేను బిడ్డను తీసుకొస్తుంటే బస్టాండు దాకా వచ్చి, నా చేతిలో సద్ది గిన్నె పెట్టి వెనక్కి తిరిగిపోయావు. తిట్టి ఉంటే బాగుండేది.

కరీంనగర్‌లో చెవి డాక్టర్‌కు చూపించాం. ఒక గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినబడితే చెయ్యి ఎత్తమన్నారు. అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. చాలాసేపు ఎత్తలేదు. పరీక్షలో తప్పు చేస్తున్నట్టు నా దిక్కు చూసింది. ఆ చూపుకు నేను పక్కకు తిరిగాను.

ఎడమ చెవి నరం పూర్తిగా పోయింది. దానికి మందూ లేదు, మిషనూ పనిచేయదు. చీము లోపలికి పట్టిందట. చెవినొప్పి అన్న రోజుల్లోనే తెస్తే నిలిచేదన్నాడు. నేను ఆ రోజుల్లోనే వైర్లు కోసి పారేసి గెలిచినట్టు తిరిగాను. కుడి చెవిలో కొంత ఉన్నది, మిషన్ పెడితే ఉపయోగం ఉంటుందన్నాడు.

ఇది నీకు రాయొద్దనుకున్నాను. కానీ ఎవరో చెప్తే వినేకంటే నేను రాయడమే మంచిది. డాక్టర్ అడిగాడు, ఈ మధ్య బాగా చప్పుడున్న చోట ఏమన్నా ఉన్నదా అని. భాగ్య చెప్పింది, ఐదు నెలలు సాంచాల ఇంట్లో ఉన్నదని. ఆయన పెన్ను కింద పెట్టాడు. కుడి చెవిలో మిగిలినదాంట్లో కొంత అక్కడే పోయి ఉండొచ్చన్నాడు. ఇంక ఆ చప్పుడు దగ్గరికి పోవద్దన్నాడు. తర్వాత నన్ను "మీరేం చేస్తుంటారు" అని అడిగాడు.

"సారును" అన్నాను.

ఇంటికొచ్చి బీరువా తెరిచి ఆ ఫోన్ తీశాను. చార్జింగ్ పెట్టి, అది ఏమేం చూసేదో మొత్తం వెతికాను. రెండేళ్లుగా నేను అనుమానించినది ఒక్కటీ దొరకలేదు. త్రికోణమితి పాఠం పద్నాలుగుసార్లు. కాంతి పాఠం తొమ్మిదిసార్లు. అన్నీ అక్షరాలున్నవే. వాటి నడుమ ఒకచోట అది టైపు చేసి వెతికిన మాట ఉన్నది. "చెవి వినపడకపోతే ఇంట్లో ఎట్ల చెప్పాలి." నాకు చెప్పలేక దాన్ని అడిగింది అక్కా.

తప్పు నాది. నువ్వు మీద వేసుకోకు. కండెల మాట రాసిన చెయ్యి ఇదే. వీలైతే మరిచిపో.

వీరేందర్


సిరిసిల్ల,
15 డిసెంబర్ 2024

తమ్మీ,

మీద వేసుకోకు అని రాస్తే పడకుండ ఉంటదా? అది సాంచాల నడుమ నిలవడి నవ్వుతుంటే నేను గుమ్మంల నిలవడి చూసి కడుపు నింపుకున్న. అది నవ్విన కాడనే దాని చెవి పోతుందని నాకేమెరుక? పోవే లోపలికి, చదువుకో పో అని ఒక్కనాడన్న కొట్టి తోలితే బాగుండు. ముద్దు చేసి చెడగొట్టిన. నువ్వు తిట్టి చెడగొట్టినవు. ఇద్దరం ప్రేమతోనే చేసినం, అదే నాకు మింగవడుతలేదు.

లీలవ్వ ఇప్పటికి దాన్ని అడుగుతది. మీ బావ గూడ, సాంచ ఆపకుండనే, అక్కడి నుంచి పెదవులు ఆడిచ్చి పిల్ల ఎట్లున్నదని అడుగుతడు. మంచిగనే ఉన్నదట అని నేను గూడ పెదవులతోనే చెప్త. గొంతు తీస్తే ఏడుపస్తది.

ఫోన్ ఇచ్చినవా? ఇచ్చి, నీ దారిన నువ్వు పోకు. గంటలు గూడ లెక్కవెట్టకు. పక్కన కూసో. అది ఏం చూస్తుందో నువ్వు గూడ చూడు. దాని కండ్లు నొస్తే అప్పుడు ఆపు. చెప్పేదంటే గంతే, నేను ఏడో తరగతి చదివిన దాన్ని.

సెలవులకు అది ఇక్కడికి రావద్దు. నేనే వస్త. వాకిలి దాటి లోపలికి రాంగనే దాని ముందటికి వచ్చి నిలవడత అని చెప్పు.

అక్క


కోరుట్ల,
19 జనవరి 2025

అక్కా,

నువ్వు వచ్చిపోయినాక ఇల్లు నాలుగు రోజులు బాగున్నది. మళ్లీ మామూలే.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. రోజూ బడి నుంచి రాగానే దాని పక్కన కూర్చుని పాఠం చూస్తున్నాను. ఆ తెలుగు అక్షరాలు ఒక్కొక్కసారి తప్పుల తడకగా వస్తాయి. ఇన్నాళ్లు ఆ తప్పుల్లోంచే ఒప్పు ఏరుకుని చదివిందన్నమాట. ఇప్పుడు తప్పు వచ్చినచోట ఆపి నేను కాగితం మీద రాసిస్తున్నాను. ముప్పావు గంట చూడగానే అదే పక్కన పెడుతుంది, కండ్లు మండుతున్నాయని. నేను ఆపమనవలసిన పని ఒక్కనాడూ రాలేదు. పరీక్షలకు ఇంకా రెండు నెలలున్నాయి. పాసైతే చాలనుకుంటున్నాను, డెబ్బైల మాట నేను ఎత్తడం లేదు.

మీటింగులో ఇంక మాట్లాడనని హెడ్మాస్టరు గారికి చెప్పాను. పోయిన నెల ఆఖరుసారి మాట్లాడినప్పుడు, పిల్లలు పిలిస్తే పలకకపోతే ముందు చెవులు చూపించండి, ఫోన్ సంగతి ఆ తర్వాత చూద్దాం అని మాత్రం చెప్పి కూర్చున్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

నిన్న మిషన్ పెట్టించాం. చిన్నదే, జుట్టు వెనక కనబడదు. డాక్టర్ దాన్ని కుడి చెవికి తగిలించి, ఏదో తిప్పి సరిచేసి, నా వైపు తిరిగాడు. "సార్, ఏదన్న మాట్లాడుండ్రి. మీ గొంతుతోనే మొదలుపెడదాం" అన్నాడు.

నోరు తెరిచాను. ఇరవై ఏండ్లుగా పాఠాలు చెప్తున్నవాణ్ని, నా బిడ్డతో అనడానికి ఒక్క మాట కోసం వెతుక్కున్నాను. ఈ రెండు మూడేళ్లలో దానితో ఏమేం మాట్లాడానో గుర్తు చేసుకున్నాను. ఫోన్ పెట్టెయ్యి. ఫోన్ ఏది. ఎంతసేపు చూస్తవు. ఇటియ్యి. అవి తప్ప మా ఇద్దరి మధ్య ఇంకో మాట నడిచినట్టు ఎంతకూ గుర్తు రాలేదక్కా. అది కుర్చీ అంచున కూర్చుని ఎదురుచూస్తున్నది. భాగ్య వెనక నుంచి నా వీపు పొడుస్తున్నది.

చివరికి "అన్నం తిన్నవా బిడ్డా" అన్నాను. అప్పుడు పొద్దున పదకొండు.

"నీ పక్కకు కూసోనే తిన్న గద బాపూ" అన్నది.

డాక్టర్ సంతోషపడ్డాడు. భాగ్య ఏడ్చింది. అది విని చెప్పిందో, చూసి చెప్పిందో నాకు మాత్రం తెలియలేదు. దాని కండ్లు నా పెదవుల మీదే ఉన్నాయి.

నీ తమ్ముడు,
వీరేందర్